మొద్దుబారిన చోట

లాండ్రీలో బాయిలర్ పక్క గదిలో పనిచేసే వాడికి చలిమనిషి అని పేరు పెట్టారంటే ఆ పెట్టినవాళ్ల వెటకారం ఏపాటిదో ఊహించుకోవచ్చు. ఆ గదిలో గోడలకు కూడా చెమట పడుతుంది. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల తువ్వాళ్లు బండ్లకొద్దీ వచ్చి, ఉతుకుడై, పిండుడై, ఆవిరి ప్రెస్సుల కింద నలిగి, చదునైన మడతలుగా బయటికి పోతుంటాయి. మగవాళ్లు చిల్లుల బనియన్లతో, కొందరు అవి కూడా లేకుండా పనిచేస్తారు. ఇతనొక్కడే లోపల ఒక బిగుతు బనియను, దానిమీద ఇంకొకటి, ఆపైన మందపాటి చొక్కా వేసుకుని మెడదాకా గుండీలు పెట్టుకునేవాడు.

"ఏం చలిమనిషీ, అక్కడేమన్నా మంచు కురుస్తోందా?" అని పక్క ప్రెస్సు అతను అరిచేవాడు. యంత్రాల హోరు మీదుగా మాట్లాడీ మాట్లాడీ ఆయన గొంతు అరుపు దగ్గరే ఆగిపోయింది. అందుకే అందరూ ఆయన్ని లౌడ్‌స్పీకర్ అంటారు.

"మంచు కాదు బావా, నీ నోట్లోంచి వడగళ్లు" అనేవాడు ఇతను. అందరూ నవ్వేవారు. నవ్వు మాట మీద ఉన్నంతసేపూ ఒంటి మీదికి రాదని అతను చిన్నప్పుడే నేర్చుకున్నాడు.

దాచినదేమిటో సూటిగానే చెబుతాను. అతనికి రొమ్ములున్నాయి. హైస్కూల్లో ఉండగా వచ్చాయి, మళ్లీ పోలేదు. డ్రిల్లు మాస్టారు చొక్కాలు విప్పి నిలబడమన్న రోజు వెనక వరసలోంచి ఎవడో "ఒరేయ్, మన క్లాసుకో అక్క వచ్చిందిరా" అన్నాడు. మాస్టారు కూడా నవ్వాడు. ఎదిగే వయసులో చాలామంది మగపిల్లలకు అలా వస్తుందని, కొందరికి అలాగే ఉండిపోతుందని, అందులో వాడి తప్పేమీ లేదని ఆ మాస్టారికి ఎవరూ చెప్పలేదు. మాస్టారు పిల్లలకు చెప్పలేదు. మగవాడి ఛాతీ గురించి మన నోట రెండే మాటలు వస్తాయి, ఉంటే కండ ఉంది, లేకపోతే లేదు. మూడో రకం ఛాతీ ఉన్నవాడు నోరు మూసుకుని బనియన్లు కొనుక్కుంటాడు. పెళ్లయ్యాక కూడా అతను భార్య ముందు బనియను తీయలేదు.

రోజులు అలాగే వెళ్లిపోయేవేమో. కానీ ఒకరోజు దుప్పట్లు చదునుచేసే పెద్ద రోలర్లో ఒకతని వదులు చొక్కా చిక్కుకుంది. చెయ్యి పోకుండా బతికాడు. మర్నాడే యజమాని కొత్త నియమం పెట్టాడు. ఇకమీదట ఒంటికి అతుక్కునే టీషర్టు ఒకటే వేసుకోవాలి, లోపలా పైనా ఇంకేమీ ఉండకూడదు. టీషర్టులు వాళ్లే ఇస్తారు. మంచి నియమమే, కాదనడానికి లేదు. ఆ పలుచటి టీషర్టు చేతిలో పట్టుకుని ఇంటికొచ్చిన చలిమనిషి మాత్రం ఉరితాడు తెచ్చుకున్నవాడిలా కూర్చున్నాడు.

అతని భార్య బస్సు కండక్టరు. తెల్లవారకముందే డ్యూటీకి వెళ్లి పొద్దు వాలాక వస్తుంది. విషయం విని ఆవిడ బూట్లు విప్పుకుంటూ అంది:

"నాకైతే ఎప్పుడూ అడ్డం రాలేదండీ. బస్సులో పొద్దస్తమానం వందమంది రాసుకుపోతుంటారు. మగాళ్లంతా ఎలా ఉంటారో నాకు తెలీదనుకుంటున్నారా?"

"నీ సంగతి కాదు."

"మరి ఎవరి సంగతి? ఆ లౌడ్‌స్పీకరన్నయ్య సంగతా?"

"పెద్దాసుపత్రిలో ఆపరేషను చేసి తీసేస్తారట" అన్నాడు అతను. ఆవిడ బూట్లు పక్కకు నెట్టి, "సరే, చేయించుకోండి. కానీ వాళ్ల కోసమని చేయించుకోకండి" అంది.

పెద్దాసుపత్రిలో ఆపరేషను చేశారు. చనుమొన చుట్టూ ఉండే నల్లటి వలయం కింది అంచున నెలవంకలా కోసి, లోపలి గట్టి కండను తీసేశారు. ఇంటికి పంపే రోజు డాక్టరుగారు మంచాల మధ్య నిలబడి జాగ్రత్తలన్నీ ఒక్క ఊపిరిలో చెప్పారు. మేమిచ్చిన బిగుతు బనియన్లు మార్చుకోవడానికి తప్ప పగలూ రాత్రీ విప్పకూడదు. చేతులు భుజాలకంటే పైకి ఎత్తకూడదు, దేన్నీ బలంగా లాగకూడదు. ఛాతీ కొన్నాళ్లు మొద్దుబారి ఉంటుంది, లోపల గట్టిగా కూడా తగులుతుంది. దాన్ని మృదువుగా రుద్దాలి, అయితే మేము చూసి చెప్పాక.

"ఏమన్నా అనుమానాలున్నాయా?" అని అడిగారు.

తెర అవతల పక్క మంచం వాళ్ల బంధువులు మాటలాపి వింటున్నారు. అతనికి నాలుగైదు అనుమానాలున్నాయి. "లేవండీ" అన్నాడు.

ఆ ఒక్క మాట దగ్గరే కీడు మొదలైందని నేననుకుంటాను.

లాండ్రీలో హెర్నియా అని చెప్పాడు. బరువులెత్తే మగవాళ్ల మధ్య హెర్నియా గౌరవమైన జబ్బు, కష్టపడ్డాడనడానికి గుర్తు. సెలవు అయిపోయి తిరిగి వచ్చినరోజు అందరూ చుట్టూ చేరారు.

"కిందా మీదా అన్నీ సరిగ్గా పెట్టారా, ఏమన్నా మర్చిపోయారా?" అని లౌడ్‌స్పీకర్ గది మొత్తానికి వినిపించేలా అడిగాడు.

"నీ బుర్రొకటి మిగిలిందట, కావాలంటే పట్టుకెళ్లమన్నారు" అన్నాడు చలిమనిషి.

ఆ నవ్వుల మధ్యే మేస్త్రి వచ్చాడు. చెడ్డవాడు కాడు. బండ్లు తోస్తే పొట్ట మీద బరువు పడుతుందని, వంగితే కుట్లు ఊడతాయని తనకు తానే ఆలోచించి, "నువ్వు కొన్నాళ్లు కూచుని చేసే పని చెయ్యవయ్యా. ఆ మూల ప్రెస్సు తీసుకో. పొట్ట కదలక్కర్లేదు, చేతులాడిస్తే చాలు" అన్నాడు.

మూల ప్రెస్సు పాతది. దాని పై పలక తలకంటే ఎత్తున ఉంటుంది. పీట మీద కూర్చుని, రెండు చేతులూ పైకి చాచి పిడి పట్టుకుని, ఛాతీ బలంతో కిందికి లాగాలి. పలక దిగి ఆవిరి బుస్సుమంటుంది. మళ్లీ పైకి తోయాలి. డాక్టరు వద్దన్న రెండు పనులనూ కలిపి ఒక యంత్రం చేస్తే అది ఆ ప్రెస్సే అవుతుంది. చలిమనిషి దానివంక చూశాడు. కాదంటే ఎందుకంటారు. ఎందుకో చెబితే హెర్నియా కాదని చెప్పాలి.

"మంచిది మేస్త్రీ" అని కూర్చున్నాడు.

పక్కనున్నవాళ్లు అతనికి మంచినీళ్లు తెచ్చిచ్చారు, బండ్లు వాళ్లే తోసుకున్నారు. ఏ శత్రువూ అంత శ్రద్ధగా అతని కుట్లు లాగి ఉండడు.

ఇక బిగుతు బనియను. దానికి ముందువైపు మెడనుంచి బొడ్డుదాకా వరసగా హుక్కులు, ఆడవాళ్ల జాకెట్టుకు ఉన్నట్టే. పలుచటి టీషర్టు కింద ఒక్కో హుక్కూ లెక్కపెట్టుకునేలా కనిపించేవి. ఏం దాచడానికి ఇంత దూరం వచ్చాడో అదే ముందుకు పొడుచుకొచ్చినట్టు అనిపించింది. పైగా లోపల ఇంకేమీ ఉండకూడదన్న నియమం ఉండనే ఉంది. అందుకని రోజూ గేటు దగ్గర మరుగుదొడ్డిలో దాన్ని విప్పి సంచిలో కుక్కేవాడు. ఇంటికి వెళ్లేముందు మళ్లీ తొడుక్కునేవాడు. భార్య హుక్కుల మీద చేత్తో నిమిరి, "బాగా బిగించుకున్నారు" అని తృప్తిపడేది.

కొన్నాళ్లకు స్నానం చేస్తుంటే ఎడమవైపు కోతకింద వేలికేదో తగిలింది. చింతగింజంత ఉంది, గట్టిగా ఉంది, కదలలేదు. వారం తిరక్కుండానే ఉసిరికాయంత అనిపించింది. పైన చర్మం లోపలికి గుంజుకుని చిన్న ముడత పడింది.

అతని పెద్దమ్మ రొమ్ములో గడ్డతోనే పోయింది. ఆ ఇంట్లో ఆ మాట పైకి అనేవాళ్లు కాదు, "అక్కడ" అనేవాళ్లు. ఆవిడ కూడా చూపించుకోవడానికి సిగ్గుపడి, చూపించుకునేసరికి వేళ మించిపోయింది. స్నానాల గది తలుపు గడియ పెట్టుకుని, నీళ్లు కారుతున్న కుళాయి కింద నిలబడి అతను ఆవిణ్ణే తలుచుకున్నాడు. తీసిందే మళ్లీ వస్తోందా? ఇది వేరేదా? అడగాలంటే ఆసుపత్రికి వెళ్లాలి. సెలవంతా ఆపరేషనుకే అయిపోయింది. పైగా హెర్నియావాడికి ఛాతీ పరీక్షలెందుకని అడిగితే ఏం చెప్పాలి? తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని పనికి వెళ్లాడు.

అప్పుడు అతనికి తన పని గుర్తొచ్చింది. ఇరవయ్యేళ్లుగా ముడతలు తీయడమే అతని బతుకు. ఎంత మొండి ముడతైనా ఆవిరికి మెత్తబడుతుంది, బరువుకు అణుగుతుంది. మెత్తబడకపోతే ఇంకాస్త వేడి, అణగకపోతే ఇంకాస్త సేపు. ఆ గదిలో ఎవరికి మెడ పట్టినా నడుం పట్టినా ప్రెస్సు కిందనుంచి తీసిన తువ్వాలే వైద్యం. డాక్టరు రుద్దమన్నాడన్నది గుర్తుంది. "మేము చూసి చెప్పాక" అన్న తోక ఆ తెర దగ్గరే రాలిపోయింది.

భోజనాల వేళ అందరూ బయటికి వెళ్లాక, మడతపెట్టిన తువ్వాలును పలక కింద ఒత్తి, ఆవిరి కక్కుతుండగా తీసి, టీషర్టు లోపల ఆ గట్టి చోట అదిమిపెట్టాడు. వెచ్చగా కూడా అనిపించలేదు. చల్లారిపోయిందనుకుని ఇంకొకటి తీశాడు. అదీ అంతే. మర్నాడు మరికాస్త ఎక్కువసేపు పలక కింద ఉంచాడు. ఈసారి ఎక్కడో లోతున నులివెచ్చగా తగిలినట్టనిపించి ప్రాణం లేచొచ్చింది. పనిచేస్తోందనుకున్నాడు.

చర్మానికి కాలడం తెలియడం మానేసి చాలా రోజులైందని అతనికి తట్టలేదు. మొద్దుబారడమంటే నొప్పి లేకపోవడమనే అనుకున్నాడు, అది మంచిదే కదా అనుకున్నాడు.

నాలుగు రోజులు గడిచాయి. ఒక సాయంత్రం భార్య ఉతకాల్సిన బట్టలు విడదీస్తూ అతను మార్చుకుని పడేసిన బిగుతు బనియనును వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. ఎడమవైపు లోపల పసుపు మరక, దాని చుట్టూ గోధుమరంగు అంచు.

"ఇదేంటండీ?"

"చెమట."

ఆవిడ ముక్కు దగ్గర పెట్టుకుంది. "చెమట వాసన నాకు చెప్తారా? మా బస్సులో దొరికేదే అది. ఇది చెమట కాదు. ఏదీ, చూపించండి."

"రేపు చూద్దువుగాని."

"ఇన్నేళ్లూ మీరు బనియను తియ్యకపోతే ఊరుకున్నాను. అది మీ ఇష్టమనుకున్నాను. ఇప్పుడు కుళ్లు వాసనొస్తున్నా ఊరుకోమంటారా?"

"రేపు ఆసుపత్రికి వెళ్తాలే" అని అతను పక్కగదిలోకి వెళ్లిపోయాడు. ఆవిడ ఆ బనియను పట్టుకుని అక్కడే నిలబడింది. తెల్లారకముందే డ్యూటీకి వెళ్తూ అతన్ని తట్టిలేపి మరీ గుర్తుచేసింది. అతను ఊకొట్టాడు. ఊకొట్టి, లాండ్రీకి వెళ్లాడు. ఇంకొక్కరోజు వేడి పెడితే అణుగుతుంది, అణిగాక వెళితే చెప్పడానికేమీ ఉండదు. అదీ అతని లెక్క.

ఆ మధ్యాహ్నం లౌడ్‌స్పీకర్ మర్చిపోయిన కళ్లజోడు కోసం లోపలికి వచ్చాడు. మూల ప్రెస్సు దగ్గర చలిమనిషి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. టీషర్టు మెడలోంచి ఆవిరి లేస్తోంది. మనిషి ఒంట్లోంచి ఆవిరి లేవడం చూసి లౌడ్‌స్పీకర్ ముందు నవ్వబోయాడు.

"ఏంట్రోయ్, నిన్ను నువ్వే ఇస్త్రీ చేసుకుంటున్నావా?" అంటూ వచ్చి, ఆ తువ్వాలు కొసను పట్టి లాగాడు. లాగినవాడు లాగినట్టే వదిలేసి, వేళ్లు నోట్లో పెట్టుకున్నాడు. తువ్వాలు నేలమీద పడి పొగలు కక్కుతోంది. నలభై ఏళ్లుగా వేడి గుడ్డలు పట్టిన చేతులవి.

"నీకు కాలట్లేదా?" అన్నాడు.

"లేదే."

"కాలట్లేదా?"

"ఏం తెలియట్లేదు బావా" అన్నాడు చలిమనిషి. అన్నాక ఆ మాట తన చెవికే వినపడింది.

లౌడ్‌స్పీకర్ ఇంకేమీ అడగకుండా టీషర్టు పైకెత్తాడు. రెండువైపులా నెలవంక గీతలున్నాయి. కుడివైపు గీత సన్నగా గులాబీరంగులో మానుతోంది. ఎడమవైపు గీత పక్కన రూపాయిబిళ్లకంటే పెద్ద మచ్చ, తోలులా నల్లగా ఎండిపోయి ఉంది. చుట్టూ తెల్లటి బుడగలు, వాటి చుట్టూ ఎరుపు. దానిమీద తువ్వాలు నూలుపోగులు అతుక్కుని ఉన్నాయి.

అప్పటికి మేస్త్రి, మరో ఇద్దరూ తలుపు దగ్గరికి వచ్చారు. ఏళ్ల తరబడి అతను దేనికి భయపడ్డాడో అదే జరిగింది, నలుగురి మధ్య అతని ఛాతీ బయటపడింది. ఎవరూ జోకు వెయ్యలేదు. అది దయ అనుకోవద్దు, ఆ నలుపు చూసి వాళ్లకు నోట మాట రాలేదు.

"హెర్నియాకి ఇక్కడ కోస్తారా?" అన్నాడు మేస్త్రి చివరికి.

"హెర్నియా కాదు."

"మరి నిన్ను ఆ ప్రెస్సు మీద కూచోబెట్టానే నేను. చెప్పొద్దూ?"

చెబితే ఏమనేవారో అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఆసుపత్రిలో కట్లు కట్టే గదిలో పెద్ద వయసు నర్సు ఆ నూలుపోగుల్ని చిన్న పట్టకారుతో ఒక్కొక్కటే తీసింది. చనుమొన పక్క చర్మాన్ని సూదితో పొడిచింది. రక్తం రాలేదు, అతను కదలనూ లేదు.

"ఈ ముక్క చచ్చిపోయింది బాబూ" అంది. "రేపెల్లుండి డాక్టరుగారు తీసేస్తారు."

"లోపల గడ్డ ఉంది సిస్టర్. అది... మా పెద్దమ్మకి..."

ఆవిడ తడిమి చూసింది. డాక్టరును కూడా పిలిచి చూపించింది. ఆయన నొక్కి, తిప్పి, కుడివైపుతో పోల్చి చూశాడు. "ఇది గాయం మానేటప్పుడు లోపల కట్టుకునే గట్టిదనమే. కోసిన ప్రతివాళ్లకీ వస్తుంది. మీరు చేతులెక్కువ లాగడంవల్ల కాస్త పెరిగింది, అంతే. బనియను వేసుకుని, కదలకుండా ఉంటే నెలల్లో అదే మెత్తబడేది. తీసిన కండను పరీక్షకు పంపాం, అందులో ఏ దోషమూ లేదు. అడిగితే ఆరోజే చెప్పేవాణ్ణి కదా."

నోరు విప్పనివ్వని చోట నిలబడి అనుమానాలున్నాయా అని అడిగానని ఆయనకు తోచలేదు. అడగాల్సింది తనేనని ఇతనికి తోచింది. ఏ హానీ చెయ్యని ఒక గట్టి ముద్దను చంపబోయి, తనకు మిగిలిన మంచి చర్మాన్ని చంపుకున్నాడు. కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుందన్నారు. దాచుకుంటే ఎక్కడ పడుతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

నర్సు సిరాకలం తీసి ఎరుపు అంచు చుట్టూ గీత గీసింది. "ఇప్పుడున్న ఎరుపు ఇంతవరకే. ఇది గీత దాటిందా, లోపల చీము పట్టినట్టు. ఛాతీలో పట్టిందంటే ఒళ్లంతా పాకడానికి ఎంతోసేపు పట్టదు. మీకు నొప్పి తెలియదు కాబట్టి నొప్పి వస్తే వద్దామని కూర్చోకండి. పూటపూటా ఎవరిచేతనైనా చూపించుకోండి. దాటితే పని ఆపి వచ్చెయ్యండి. విశ్రాంతి తీసుకోండి."

"సెలవు లేదు సిస్టర్."

ఆవిడ కట్టు కడుతూ నిట్టూర్చింది. ఆ మాట ఆవిడకు కొత్తేమీ కాదు. ఒళ్లు కోసే హక్కు ఆసుపత్రికి ఉంది, ఆ ఒంటిని వాడుకునే హక్కు లాండ్రీకి ఉంది. మానేదాకా ఆగే హక్కే ఎవరి చేతిలోనూ లేదు.

ఆ రాత్రికి అతను తనంతట తానే బనియను తీసి భార్య ముందు కూర్చున్నాడు. ఆవిడ చాలాసేపు చూసింది. తిట్టలేదు. గీతను వేలితో తాకకుండా చుట్టూ తిప్పి, "ఇదేనా హద్దు?" అంది.

"అదే."

"పొద్దున నేను చూస్తాను. మధ్యాహ్నం ఎవరు చూస్తారు?"

అతను తీసిన బనియను వైపు చెయ్యి చాచాడు. ఆవిడ దాన్ని పక్కకు జరిపి అంది. "నన్ను బస్సు దింపి పిలిపిస్తారా? ఎవరో ఒకరికి చూపించాలి. బతకడానికి కాకపోతే ఇంకెందుకండీ ఈ సిగ్గు?"

మర్నాడు మేస్త్రి అతన్ని ఆవిరికి దూరంగా మడతల బల్ల దగ్గర పెట్టాడు. పొద్దున భార్య చూసినప్పుడు ఎరుపు గీత లోపలే ఉంది. మధ్యాహ్నం అతను లౌడ్‌స్పీకర్ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. టీషర్టు అంచు పైకెత్తాడు.

"బావా, ఒకసారి చూడు. గీత దాటిందేమో."

లౌడ్‌స్పీకర్ చేతులు తుడుచుకుని, కట్టు అంచును మెల్లగా ఎత్తి, కళ్లజోడు సర్దుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"పైనంతా లోపలే ఉంది."

"కింద?"

"కింద... ఒకచోట తాకింది. ఉండు, తాకడం కాదు. చంకవైపు దాటింది. వేలెడంత దాటింది." చెయ్యి అతని నుదుటిమీద వేశాడు. "ఒళ్లు కాలిపోతోంది కదరా నీకు. నీకు తెలియట్లేదా?"

మేస్త్రి గడప దగ్గరినుంచి, "ఈ బండి ఖాళీ అయ్యాక వెళ్లకూడదా? సాయంత్రం లోడు పోవాలి" అన్నాడు.

"బండి నేను మడతపెడతాను, మీరు దారివ్వండి" అన్నాడు లౌడ్‌స్పీకర్.

ఆసుపత్రిలో అత్యవసర విభాగం కౌంటరు ముందు జనం కిటకిటలాడుతున్నారు. వరసలో ముందువాడు కదిలిన ప్రతిసారీ అతను గోడ పట్టుకుని కదిలాడు. కౌంటరు వెనక అమ్మాయి తలెత్తకుండానే అడిగింది. "ఏంటి బాధ?"

వెనక ఉన్నవాళ్లు అంతా వినేంత దగ్గరలో ఉన్నారు.

"నాకు రొమ్ములుండేవి, ఆపరేషను చేసి తీశారు" అన్నాడు. "కుట్టు దగ్గర కాల్చుకున్నాను. చీము పట్టింది. సిస్టర్ గీసిన గీత దాటింది."

అమ్మాయి తలెత్తింది. "కూర్చోండి, పిలుస్తారు."

"కూర్చోనమ్మా. దాటితే ఆగొద్దన్నారు. ఇదిగో, మీరే చూడండి."

టీషర్టు ఎత్తాడు. అమ్మాయి ఒక్క క్షణం చూసి, కుర్చీ వెనక్కి నెట్టి లోపలికి పరుగెత్తింది. వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు, ఇంకెవరో వాళ్లని గద్దించారు. అతను వెనక్కి తిరగలేదు. ఒక చేత్తో కౌంటరు అంచును, ఇంకో చేత్తో ఎత్తిన గుడ్డను పట్టుకుని, లోపలి తలుపు వంకే చూస్తూ నిలబడ్డాడు.